45 వేలతో ఒక్కదాన్నే శ్రీలంక వెళ్ళిరావచ్చా? ఆమదాలవలస నుంచి అడుగుతున్నాను

వంశధార, ఆమదాలవలస | నవంబర్ 9

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ మీరంతా రాసేవి చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదటిసారి.

నాకు 27 ఏళ్లు. మందుల షాపులో ఫార్మసిస్ట్‌గా పనిచేస్తున్నాను. ఎనిమిదో తరగతిలో అట్లాసు తెరిచి, మన దేశం కింద నీటిబొట్టులా ఉన్న శ్రీలంక మీద వేలు పెట్టి, ఎప్పటికైనా ఇక్కడికి వెళ్తానని పక్కన కూర్చున్న పిల్లకు చెప్పాను. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండున్నరేళ్లుగా నెలకు 1,500 చొప్పున పోస్టాఫీసులో వేశాను. ఇప్పుడు 45,000 పైచిలుకు ఉంది. పాస్‌పోర్టు ఉంది. ఫిబ్రవరిలో 16 రోజులు సెలవు ఇస్తామని షాపు వాళ్ళు ఒప్పుకున్నారు.

తోడు ఎవరూ లేరు. స్నేహితురాళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి. ప్యాకేజీ టూరులో వెళ్దామంటే ఆ డబ్బు ఐదు రోజులకే చాలదు. వీపుకి ఒక బ్యాగు తగిలించుకుని బస్సుల్లో, రైళ్ళలో తిరగాలని ఉంది. అమ్మ మాత్రం "సీతమ్మను ఎత్తుకుపోయిన చోటికి ఒక్కర్తివీ వెళ్తావా" అని రెండు రోజులుగా మాట్లాడటం లేదు. నాన్న ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

ఈ డబ్బు సరిపోతుందా? ఫిబ్రవరి మంచి నెలేనా? ఆడపిల్ల ఒంటరిగా తిరగొచ్చా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

జీడితోట, పలాస | నవంబర్ 9

చెల్లీ, నెల మార్చకు. ఫిబ్రవరి బంగారం లాంటి నెల. ఆ దీవికి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వానలు పడమర, దక్షిణం వైపు, కొండల మీదా కొడతాయి. సుమారు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం వానలు తూర్పు, ఉత్తరం వైపు పడతాయి. అంటే ఏడాదిలో ఎప్పుడు వెళ్ళినా ఎక్కడో ఒకచోట పొడిగానే ఉంటుంది. నువ్వు వెళ్ళేటప్పటికి కాండీ, కొండలు, దక్షిణ తీరం బాగుంటాయి. ట్రింకోమలీ వైపు మాత్రం పెట్టుకోకు, అది మే తర్వాత చూడాల్సిన ఊరు.

ఇక డబ్బు సంగతి. నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకుండా ఉండాలని వివరంగా రాస్తున్నాను. ఆ దేశం మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రలో సగం కూడా లేదు. మ్యాపు చూసి ఎంతలే అనుకుని తొమ్మిది రోజుల్లో పదకొండు ఊళ్ళు రాసుకున్నాను. కొండల్లో బస్సు గంటకు 25 కిలోమీటర్లు కదిలితే గొప్ప. ఆలస్యమయ్యేసరికి ఆటో, చీకటి పడేసరికి ఏ గది దొరికితే ఆ గది, ఆకలేస్తే టూరిస్టులు తినేచోటే తిండి. ఊరు మారిన ప్రతిరోజూ నాకు రెండింతలు ఖర్చయింది. ఉన్నచోట ఉన్న రోజున పది రూపాయలకు టీ ఎక్కడ దొరుకుతుందో తెలిసిపోతుంది. గది ఆవిడే నాలుగో రోజు ఉంటానంటే తగ్గిస్తుంది.

అందుకని ఊళ్ళు తగ్గించు, రోజులు పెంచు. ఆరు ఊళ్ళు దాటకు. 45 వేలు సరిపోతాయి.

పైడితల్లి బిడ్డ, విజయనగరం | నవంబర్ 10

అమ్మా వంశధారా, నాకూ 24 ఏళ్ల కూతురుంది, అందుకే మీ అమ్మగారి తరఫున కాస్త మాట్లాడతాను. ఆవిడ కోపంలో ఉన్నది భయం. రాత్రి పన్నెండింటికి నువ్వు ఎక్కడ పడుకున్నావో తెలియకపోవడమే ఆ భయం. వెళ్ళొద్దని నేను అనను. కానీ ఏ రోజు ఏ ఊరు, ఏ ఇల్లు, ఆ ఇంటి ఫోన్ నంబరు ఏమిటో కాగితం మీద రాసి ఆవిడ చేతికివ్వు. ఫోన్‌లో పంపితే ఆవిడకు అది మాటలాగే ఉంటుంది. కాగితమైతే దేవుడి గూట్లో పెట్టుకుని రోజూ చూసుకుంటుంది.

బొబ్బిలి వీణ | నవంబర్ 10

పైడితల్లి గారు చెప్పిన కాగితం మాట బాగుంది. నేనూ అలాగే చేసి ఉంటే మా అత్తగారు అంత బాధపడేవారు కాదు.

చెల్లెమ్మా, నేను నర్సుని. రెండేళ్ల కిందట 12 రోజులు ఒక్కదాన్నే తిరిగొచ్చాను, అప్పటికి నాకు 36. చూసింది చూసినట్టు చెబుతాను.

గదులు: కుటుంబాలు తమ ఇంట్లోనే ఒకటి రెండు గదులు అద్దెకిస్తాయి. అలాంటి ఇళ్ళలోనే ఉండు. రాసిన రివ్యూల్లో ఆడవాళ్ళు ఒంటరిగా ఉండి రాసినవి వెతికి చదువు. నేను ఉన్న ఇళ్ళల్లో ఇంటావిడ పొద్దున్నే తలుపు తట్టి టీ ఇచ్చేది. నలుగురైదుగురు పడుకునే డార్మిటరీ మంచాలు ఇంకా చవక. ఆడవాళ్ళకు విడిగా ఉందో లేదో అడుగు.

బస్సులు: ఎర్రవి ప్రభుత్వానివి, మిగతా రంగులవి ప్రైవేటువి. టికెట్టు చాలా తక్కువ. ముందు సీట్లు భిక్షువులకు వదలాలి, అక్కడ కూర్చోకు. కిక్కిరిసిన బస్సులో ఒకడు నా నడుము మీద చెయ్యి వేశాడు. గట్టిగా అరిచాను. నా పక్కనున్న ముసలావిడ వాణ్ణి గొడుగుతో కొట్టింది, కండక్టరు దింపేశాడు. ఇది నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. మన ఊళ్ళో ఏం చేస్తామో అక్కడా అదే చెయ్యాలి, సిగ్గుపడి ఊరుకోకూడదు. ఆడవాళ్ళ పక్కనే కూర్చో. చీకటి పడ్డాక ఖాళీగా ఉన్న బీచ్‌కి వెళ్ళకు. చీకటి పడకముందే ఊరు చేరేలా పొద్దున్నే బయల్దేరు.

నంబర్లు రాసుకో. టూరిస్టులకు సాయం 1912. పోలీసు 119. అంబులెన్సు 1990, అది ఉచితం. ఆ అంబులెన్సులు మన దేశం ఇచ్చిన సాయంతో 2016లో మొదలయ్యాయి. నేను నర్సుని కాబట్టి అక్కడ ఆ బండి కనిపించినప్పుడల్లా గుండె నిండేది.

గుళ్ళకు వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. చుడీదారు, చున్నీ చాలు, మనకిది కొత్త కాదు. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగకు, వాళ్ళకి అది చాలా బాధ.

వంశధార, ఆమదాలవలస | నవంబర్ 11

బొబ్బిలి అప్పా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రాత్రి మీ పోస్టు అమ్మకు చదివి వినిపించాను. గొడుగుతో కొట్టిన చోట అమ్మ "మంచి పని చేసింది" అంది. అన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

మూడు సందేహాలు. సోమవారం, శనివారం నీచు తినను, అక్కడ ఎలా? నాగపట్నం నుంచి ఓడ ఉందట కదా, విమానం కన్నా చవకా? వీసా ఎవరితో చేయించుకోవాలి?

జీడితోట, పలాస | నవంబర్ 11

ఓడ గురించి ముందు. నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేసన్‌తురై రేవుకి 2023 అక్టోబర్‌లో మొదలైంది, కొద్ది రోజులకే ఆగింది, 2024 ఆగస్టులో మళ్ళీ నడిచింది. సముద్రం బాగుంటే నాలుగు గంటల ప్రయాణం. కానీ వాతావరణం బాగోకపోతే ఆపేస్తారు. నీకున్నవి లెక్కపెట్టిన రోజులు. పైగా దిగేది ఉత్తరాన, నువ్వు చూడాల్సినవి మధ్యలో. చెన్నై నుంచి విమానమైతే గంటన్నర లోపు కొలంబోలో ఉంటావు. ఆమదాలవలసలో చెన్నై రైలెక్కు, స్లీపర్ చాలు. మంగళ, బుధవారాల విమానాలు చూడు.

వీసా అంటే ఈటీఏ అనే ముందస్తు అనుమతి. శ్రీలంక ప్రభుత్వ సైట్‌లోనే నీ చేత్తో నువ్వే నింపు. రుసుము, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనే వారమే చూసుకో. వెతికితే పైన వచ్చే మొదటి సైట్లు అచ్చం ప్రభుత్వానివిలాగే ఉంటాయి. నేను అలాంటి ఒకదానికి మూడింతలు కట్టాను. అనుమతి వచ్చింది, డబ్బు పోయింది.

మన రూపాయికి అక్కడివి సుమారు మూడున్నర వస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ అక్కడ మొదలైంది గాని, బస్సులో, అన్నం పొట్లం కొట్లో నగదే కావాలి.

బొబ్బిలి వీణ | నవంబర్ 11

నీచు సంగతి నేను చెబుతాను. పప్పుని వాళ్ళు పరిప్పు అంటారు, కొబ్బరిపాలు పోసి వండుతారు. పనసకాయ, గుమ్మడి, బీట్‌రూటు, అరటిపువ్వు అన్నీ కూరలే. ఎర్ర బియ్యపు అన్నం చుట్టూ నాలుగు కూరలు పెడతారు. మధ్యాహ్నం అదే అన్నం పొట్లం కట్టి అమ్ముతారు, ఒకటి కొంటే ఇద్దరికి వస్తుంది. పొద్దున్న ఆప్పాలు, ఇడియాప్పాలు. మన చోడి అంబలిలాగా ఆకుకూర రసంతో చేసే కోలకంద అనే గంజి ఉంటుంది, వేడిగా బెల్లం ముక్కతో తాగుతారు. నారింజ రంగు కొబ్బరిబొండాన్ని తంబిలి అంటారు, దారి పొడుగునా దొరుకుతుంది.

ఒక్కటి జాగ్రత్త. పోల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో ఉంబలకడ వేస్తారు. ఎండు చేప పొడి అది. చూస్తే తెలియదు. సోమ, శనివారాల్లో అడిగి తిను.

కొత్తవలస జంక్షన్ | నవంబర్ 12

రైళ్ళ గురించి ఎవరూ రాయలేదు, నేను ఊరుకోలేను. మా నాన్న కిరండూల్ లైన్‌లో పనిచేశారు. అరకు కొండల్లోని సొరంగాలు లెక్కపెడుతూ పెరిగాను. మన సిమిలిగూడ స్టేషన్ దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటే మా అందరికీ అదే గొప్ప. శ్రీలంకలో పట్టిపొల స్టేషన్ ఎత్తు 1,890 మీటర్ల పైన. అక్కడి పట్టాల వెడల్పు మనదే, 1,676 మిల్లీమీటర్లు. అంత వెడల్పు పట్టాలను అంత ఎత్తుకు, అన్ని వంకర్లు తిప్పి ఎక్కించారంటే ఆ పని చేసినవాళ్ళకు దండం పెట్టాలి.

కొలంబో నుంచి బదుల్ల దాకా వెళ్ళే ఈ లైను 1924లో పూర్తయింది. తేయాకును రేవుకి దింపడానికి వేశారు. ఎల్ల దాటాక తొమ్మిది కమానుల వంతెన వస్తుంది. తర్వాత దెమోదర దగ్గర పట్టా గుండ్రంగా తిరిగి, ఆ స్టేషన్ కిందనే సొరంగంలోంచి వెళ్తుంది. నేను దిగి, పైనుంచి ఒక రైలు, కింద నుంచి ఇంకొకటి వెళ్ళడం చూడ్డానికి ఒక పూటంతా కూర్చున్నాను.

అమ్మా, రిజర్వేషన్ సీట్లు నెల ముందు తెరుస్తారు, చూస్తుండగానే అయిపోతాయి. అవి దొరకకపోతే బాధపడకు. మూడో తరగతి జనరల్ టికెట్టు బయల్దేరే ముందు కౌంటర్లో ఇస్తారు, కొన్ని వందల శ్రీలంక రూపాయలంతే. కాండీ నుంచి ఎల్ల దాకా ఒకేసారి ఆరేడు గంటలు నిలబడటం కన్నా, మధ్యలో హట్టన్‌లో దిగి, మర్నాడు మిగతా సగం వెళ్ళు. ఉడరట మెనికే, పొడి మెనికే అనే రైళ్ళ పేర్లు గుర్తుపెట్టుకో. తలుపు దగ్గర బయటికి వేలాడి ఫోటోలు దిగుతుంటారు, నువ్వు మాత్రం ఆ పని చెయ్యొద్దు. కొండరాయి, సొరంగం గోడ చెయ్యంత దూరంలో వస్తాయి.

హట్టన్ అని ఎందుకన్నానంటే అక్కణ్ణుంచే పైన పాదముద్ర ఉన్న శ్రీపాద కొండకు బస్సు. ఆ కొండ ఎక్కడానికి టికెట్టు లేదు.

సాలిహుండం మాస్టారు | నవంబర్ 13

అమ్మాయీ, నీ ఊరి పేరు చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను. 34 ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి.

కాండీలో దలదా మాలిగావ అనే ఆలయం ఉంది. అక్కడ బుద్ధుడి దంతాన్ని పూజిస్తారు. ఆ దంతం వాళ్ళ దేశానికి ఎక్కడి నుంచి వచ్చిందని అడుగు. కళింగలోని దంతపురం నుంచి అంటారు. శత్రువులు ముట్టడించినప్పుడు గుహశివుడనే రాజు తన కూతురు హేమమాలకు, అల్లుడు దంతకుమారుడికి ఆ దంతాన్ని అప్పగించాడనీ, ఆ పిల్ల దాన్ని జుట్టులో దాచుకుని తామ్రలిప్తి రేవులో ఓడెక్కిందనీ వాళ్ళ పాళీ కథ. అనురాధపురంలో సిరిమేఘవన్న రాజు కాలం, అంటే క్రీస్తుశకం 4వ శతాబ్దం.

ఆ దంతపురం ఎక్కడ? పూరీయే అన్న పండితులున్నారు. మన సరుబుజ్జిలి మండలంలోని దంతవరపుకోటే అన్నవాళ్ళూ ఉన్నారు. అక్కడ మట్టికోట గోడ ఇప్పటికీ ఉంది, తవ్వకాల్లో బౌద్ధ అవశేషాలు దొరికాయి. ఇంకో ముక్క. పొలన్నరువలో 1187 నుంచి 1196 దాకా ఏలిన నిశ్శంకమల్లుడు తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని రాళ్ళ మీద చెక్కించాడు. సింహపురం మన శ్రీకాకుళం పక్కనున్న సింగుపురమేనని కొందరి వాదన. పొలన్నరువలో గల్‌పొత అని పుస్తకం ఆకారంలో చెక్కిన పెద్ద బండ ఉంది, ఎనిమిది మీటర్ల పొడవు. ఆ బండ ముందు నిలబడినప్పుడు మన ఊరిని తలుచుకో.

కాండీ ఆఖరి రాజులు కూడా నాయకరాజులు, మదురై నుంచి వెళ్ళిన తెలుగు మూలాలున్నవాళ్ళు. 1739లో మొదలైన ఆ వంశంలో చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. 1815లో ఆంగ్లేయులు పట్టుకుని వెల్లూరుకు తెచ్చారు, 1832లో అక్కడే పోయాడు.

దంతవరపుకోట ఎప్పుడైనా చూశావా? ఒక ఆదివారం పని అది.

వంశధార, ఆమదాలవలస | నవంబర్ 14

మాస్టారూ, చూడలేదు. సరుబుజ్జిలి మీదుగా మా మేనత్త ఊరికి ఎన్నోసార్లు వెళ్ళాను. కోట అనే మాట ఊరి పేరులో ఉందనుకున్నానే తప్ప, అక్కడ కోట ఉందనుకోలేదు. మీరు రాసింది నాన్న ఫోన్ తీసుకుని రెండుసార్లు చదివారు. తర్వాత "ఆ పిల్ల జుట్టులో పెట్టుకుని వెళ్ళిందట, దీనికి బ్యాగైనా ఉంది కదా" అన్నారు అమ్మతో. విమానం టికెట్టు రేపు కొంటున్నాను.

ఊళ్ళు ఆరే పెట్టుకున్నాను. విమానం దిగిన రాత్రికి నెగొంబో, తర్వాత అనురాధపురం, పొలన్నరువ, కాండీ, శ్రీపాద, హపుతలె. సముద్ర తీరం మొత్తం వదిలేస్తున్నాను. కళింగపట్నం నాకు గంట దూరంలో ఉంది. సముద్రం చూడ్డానికి అంత డబ్బు పెట్టను. సిగిరియ బండకోట కూడా ఈసారికి లేదు.

జీడితోట, పలాస | నవంబర్ 14

తీరం వదిలేసినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. సరైన పని. అనురాధపురం, పొలన్నరువల్లో మన దేశం కూడా ఉన్న సార్క్ కూటమి దేశాల వాళ్ళకి విదేశీయుల టికెట్టులో సగం దాకా తగ్గింపు ఉంటుంది, పాస్‌పోర్టు చూపించి నోరు తెరిచి అడగాలి. అడగకపోతే పూర్తి ధర తీసుకుంటారు. రెండు చోట్లా సైకిలు అద్దెకు తీసుకో.

బొబ్బిలి వీణ | జనవరి 28

ఇంకో వారమే కదా. బ్యాగు ఏడు కిలోలు దాటనివ్వకు. మూడు జతలు, ఒక స్వెట్టరు, రెయిన్‌కోటు, తాళం. శ్రీపాద మీద తెల్లవారుజామున వణుకు వస్తుంది, స్వెట్టరు బరువని తీసెయ్యకు. మందులు నీకు నేను చెప్పక్కర్లేదు. దోమల మందు మాత్రం మర్చిపోకు, డెంగీ ఉంటుంది అక్కడ.

వంశధార | ఫిబ్రవరి 11, పొలన్నరువ నుంచి

మాస్టారూ, బండ ముందు కూర్చుని రాస్తున్నాను. కాపలా ఆయనకి తమిళం వచ్చు, నాకు సగం సగం. నేను సింహపురం పక్క నుంచి వచ్చానని చెబితే ముందు నమ్మలేదు. ఫోన్‌లో మ్యాపు తీసి సింగుపురం చూపించాను. చాలాసేపు చూసి, తన నీళ్ళ సీసా నాకిచ్చి, నీడలో కూర్చోమన్నాడు.

వంశధార | ఫిబ్రవరి 18, హపుతలె నుంచి

క్షేమంగానే ఉన్నాను. నిన్న హట్టన్‌లో రైలెక్కాను. రాత్రి వానకి ముందు ఎక్కడో పట్టా మీద మట్టి జారిందట, నానుఓయలో అందర్నీ దించేశారు. గంటసేపు ఏం చెయ్యాలో తోచలేదు, చాలా టెన్షన్ పడ్డాను. ఒక్కదాన్నే ఉన్నానని ఆ గంటలోనే తెలిసింది. తర్వాత తేయాకు తోటలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు తమిళంలో "ఎక్కడికమ్మా" అని అడిగి, తమతో నువర ఎలియ బస్సెక్కించారు. అక్కడ బందరవెల బస్సు. పది నిమిషాలు వెళ్ళామో లేదో రోడ్డు పక్కన గోపురం, సీతమ్మ గుడి. సీత ఎలియ అనే చోటు అదే. ఆలోచించకుండా దిగిపోయాను. రైలు ఆగకపోతే ఆ దారిన వచ్చేదాన్నే కాదు.

వాగు పక్కన గుడి. అమ్మకు వీడియో కాల్ చేసి గర్భగుడి బయట నుంచి చూపించాను. అమ్మ ఏమీ అనకుండా చేతులు జోడించింది. తర్వాతి బస్సుకి హపుతలె చేరేటప్పటికి ఆరున్నర. గది ఆవిడ రోడ్డు మీదకు టార్చి పట్టుకుని వచ్చింది.

కొత్తవలస జంక్షన్ | ఫిబ్రవరి 18

అమ్మా, కొండ లైన్లు అంతే. అరకులోనూ వానలకి రాళ్ళు పడి ఆగిపోతుంది. తిరిగి వెళ్ళేటప్పుడు స్టేషన్‌లో అడిగి, రైలు నడుస్తుందని తేలాకే విమానం రోజు లెక్క వేసుకో. ఒక రోజు చేతిలో ఉంచుకో.

పైడితల్లి బిడ్డ, విజయనగరం | ఫిబ్రవరి 19

పొద్దున్న లేచి ముందు ఈ పేజీయే తెరుస్తున్నాను తల్లీ.

వంశధార, ఆమదాలవలస | మార్చి 2

ఇంటికొచ్చి వారమైంది. లెక్క ముందు రాస్తాను, అడిగింది డబ్బు గురించే కదా.

చెన్నై రానుపోను రైలు 1,100. విమానం రానుపోను 13,200. గదులు 14 రాత్రులకు 10,500, చివరి రాత్రి కొలంబో రైల్లోనే గడిచింది. తిండి 6,750. అక్కడి బస్సులు, రైళ్ళు, ఆటోలు, సైకిళ్ళు 3,300. ప్రవేశ టికెట్లు 3,100. ఈటీఏ, సిమ్, చిల్లర 3,200. మొత్తం 41,150. ఎక్కువ పోయింది ఎక్కడంటే, కాండీ స్టేషన్ బయట ఒక ఆటో ఆయన రెండు కిలోమీటర్లకు అడిగినంత ఇచ్చాను. అలసిపోయి బేరమాడలేదు. మర్నాటి నుంచి ఫోన్ యాప్‌లో ధర చూశాకే ఎక్కాను. "కీయద" అంటే ఎంత అని, "స్తూతి" అంటే థాంక్స్ అని. ఈ రెండు మాటలు వాళ్ళ భాషలో అంటే ముఖం మారిపోతుంది ఎదుటివాళ్ళకి.

జీడితోట అన్నా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. కాండీలో నాలుగు రోజులు ఉన్నాను కాబట్టే దలదా మాలిగావకు మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి జనంలో ఏమీ కనపడలేదు. మూడోసారి సాయంత్రం పూజకి, డోళ్ళు మోగుతుంటే, తెల్లచీరలు కట్టుకుని తామరపూలు పట్టుకున్న ముసలమ్మల వరుసలో నిలబడ్డాను. దంతం కనపడదు, బంగారు పేటిక మాత్రమే కొన్ని క్షణాలు కనిపిస్తుంది. నా ముందున్న అమ్మ ఏడుస్తోంది. హేమమాల గుర్తొచ్చి నాకూ కళ్ళు తడిశాయి. ఆ పిల్లకు ఎన్నేళ్ళుండి ఉంటాయి? ఎవరి మాట నమ్మి ఓడెక్కింది?

శ్రీపాద గురించి. రాత్రి రెండింటికి కొండ కింద ఉన్న నల్లతన్నియ ఊరి నుంచి మొదలుపెట్టాను. ఐదు వేలకు పైగా మెట్లు. డిసెంబర్ పున్నమి నుంచి మే పున్నమి దాకా దారంతా దీపాలుంటాయి, టీ కొట్లు ఉంటాయి. ఒంటరిగా ఎక్కడం ఎలా అనుకున్నాను గాని, మోకాళ్ళు పట్టుకుని ఎక్కే తాతలు, చంకలో బిడ్డలతో తల్లులు, ఒంటరిగా ఉండటానికి చోటే లేదు. పైన ఉన్న పాదముద్ర బుద్ధుడిదని బౌద్ధులు, శివుడిదని హిందువులు, ఆదాముదని ముస్లింలు అంటారు. అందరూ ఒకే మెట్లెక్కుతారు. ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు గంట కొట్టాలి. నేను ఒకసారి కొట్టాను. నా వెనకాయన కొడుతూనే ఉన్నాడు, పద్దెనిమిది దాకా లెక్కపెట్టాను. సూర్యుడు వచ్చాక పడమటి వైపు మబ్బు మీద కొండ నీడ త్రికోణంలా పడింది. బొబ్బిలి అప్పా, స్వెట్టరు నా ప్రాణం కాపాడింది.

ఇంకొకటి చెప్పాలి. అనురాధపురంలో మహాబోధి దగ్గర, ఆ రావిచెట్టు క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిన కొమ్మట, బయట రోడ్డు మీద ఒక ముసలావిడ చెయ్యి చూస్తానని వెంటపడింది. వద్దని పోతుంటే, పక్కనున్న పిల్లవాణ్ణి "నీళ్ళు తే రా" అంది. ఆగిపోయాను. తెలుగా అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీదీ మా బాసేనా" అంది. ఆవిడ మాట్లాడే తెలుగు నాకు మూడొంతులు అర్థమైంది. ఎప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చారో ఆవిడకు తెలియదు, తాతలు పాములాడించేవారంది. పక్కన కూర్చుంటే అరటిపండు పెట్టింది. చెయ్యి చూసినందుకు డబ్బిస్తే తీసుకోలేదు. పిల్లవాడి చేతిలో పెట్టి వచ్చాను.

సాలిహుండం మాస్టారు | మార్చి 2

అమ్మాయీ, వాళ్ళని అహికుంటకులు అంటారు. తరతరాలుగా అక్కడే తిరుగుతూ బతికినవాళ్ళు, ఇప్పుడు కొన్ని ఊళ్ళలో స్థిరపడ్డారు. ఇంట్లో మాట తెలుగే. పిల్లలు సింహళంలో చదువుతున్నారు కాబట్టి ఆ మాట ఇంకెన్నాళ్ళు ఉంటుందోనని నా బెంగ. ఆవిడ అన్న మాటలు నీకు గుర్తున్నన్ని, అన్నవి అన్నట్టు, ఒక పుస్తకంలో రాసి పెట్టు. ఈ వారమే రాయి, మరిచిపోతావు.

పైడితల్లి బిడ్డ, విజయనగరం | మార్చి 3

నా కూతురు ఇదంతా చదివింది. ఈ ఏడాది కాదు గాని, వచ్చే ఏడాది తనూ వెళ్తానంటోంది. నేను ఊఁ అన్నాను. అన్నాక రాత్రి నిద్రపట్టలేదు, అది వేరే సంగతి. మీ అమ్మగారి దేవుడి గూట్లో కాగితం పెట్టారా?

వంశధార, ఆమదాలవలస | మార్చి 3

పెట్టింది అత్తా. ఊరు మారినప్పుడల్లా దాని మీద పసుపు బొట్టు పెట్టిందట. ఆరు బొట్లున్నాయి.

వంశధార, ఆమదాలవలస | మార్చి 16

మాస్టారూ, ఈ రోజు దంతవరపుకోట వెళ్ళాం. అమ్మే అడిగింది. పొలాల మధ్య మట్టిగట్టు, పైన తాటిచెట్లు, మేకలు. అమ్మ గట్టు మీద చెప్పులు విప్పి నడిచింది. ఎందుకని అడిగితే, "అక్కడ నువ్వు విప్పావు కదా" అంది. ముసలావిడ మాటలు ఇరవై ఆరు రాశాను, ఫోటో తీసి మీకు పంపుతున్నాను.

తాటిముంజె, చీపురుపల్లి | మార్చి 17

అక్కా, కొత్తగా చేరాను. ఏప్రిల్‌లో నేనూ కాండీ, హపుతలె వెళ్దామనుకుంటున్నాను. నా దగ్గర 38 వేలు ఉన్నాయి. బ్యాగు, రెయిన్‌కోటు కొనడానికే నాలుగు వేలు అయ్యేలా ఉంది. ఏది కొంటే మంచిది?

వంశధార, ఆమదాలవలస | మార్చి 17

కొనకు తమ్ముడూ. నా బ్యాగు, రెయిన్‌కోటు, తాళం మూడూ ఖాళీగానే ఉన్నాయి. ఆదివారం పొద్దున్న విజయనగరం వెళ్తున్నాను, చీపురుపల్లి స్టేషన్‌లో దిగి ఇచ్చేస్తాను. బ్యాగు పక్క జేబు జిప్పు బిగుసుకుంటుంది, కొవ్వొత్తి రుద్దితే వస్తుంది. ఏప్రిల్లో కొండల మీద సాయంత్రం ఉరుముల వానలు పడతాయట, గది ఆవిడ చెప్పింది, అందుకని తిరుగుడంతా మధ్యాహ్నం లోపే పెట్టుకో.